మనబడి అని వెతికింది ఎవరు?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ 'డేటా నిపుణుడు' అన్నారు. ఆ మాట మీ మనసులో నాటుకోకముందే నా పరువు నేనే తీసుకుంటాను.

2022లో నేనొక న్యూస్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. సర్కారు బడుల మీద ఒక కథనం రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 'మనబడి నాడు–నేడు' 2019లో మొదలైంది. తెలంగాణలో 'మన ఊరు – మన బడి' అప్పుడే కొత్తగా వచ్చింది. వీటి మీద జనానికి ఎంత ఆసక్తి ఉందో చూద్దామని, ఏ మాటను జనం ఎంతగా వెతుకుతున్నారో గీత గీసి చూపించే గూగుల్ ట్రెండ్స్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో 'మనబడి' అని కొట్టాను. ఏడాది పొడవునా నేలబారుగా ఉన్న గీత, ఎండాకాలం రాగానే నిట్టనిలువుగా లేచింది. నాకు ఒళ్లు పులకరించింది. "వేసవిలో తల్లిదండ్రుల చూపు సర్కారు బడి వైపు" అని హెడ్డింగ్ కూడా పెట్టేశాను. పక్క సీట్లో కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు నా స్క్రీన్ వంక చూసి, "అన్నా, అవి టెన్త్ రిజల్ట్స్ కదా" అన్నాడు.

మనబడి అంటే పరీక్షల ఫలితాలు చూపించే వెబ్‌సైట్ పేరు కూడా. మీలో నవ్వుతున్నవాళ్లంతా అందులో హాల్‌టికెట్ నంబరు కొట్టి, పేజీ తెరుచుకునేదాకా టెన్షన్‌తో గోళ్లు కొరుక్కున్నవాళ్లే. అదే గ్రాఫ్‌ను ఒక్కసారి కిందికి జరిపి ఉంటే, ఆ మాటతో పాటు జనం ఇంకేం వెతికారో చూపించే పెట్టె కనబడేది. అందులో ఇంటర్ ఫలితాలు, టెన్త్ ఫలితాలు అని వరసగా ఉన్నాయి. నేను చూడలేదు. నాకు కావలసింది పైన కనబడింది కాబట్టి కిందికి వెళ్లలేదు. ఇంకో సంగతి, అమెరికాలో మన పిల్లలకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర వాళ్లు 2007 నుంచి నడుపుతున్న తరగతుల పేరు కూడా మనబడే. ఒక్క మాటకు నలుగురు హక్కుదారులు! తెలుగు వికీపీడియాలో ఇలాంటి మాటలకు 'అయోమయ నివృత్తి' అని ప్రత్యేకంగా పేజీలుంటాయి. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్లకు దండం పెట్టాలి. గ్రాఫ్ ముందు కూర్చున్నప్పుడు మనం చేయాల్సిన పనికి అంతకంటే మంచి పేరు లేదు.

సరే, అసలు ఆ గీత ఏం కొలుస్తుంది? గూగుల్ ట్రెండ్స్ 2006లో వచ్చింది, 2004 నుంచి లెక్కలు చూపిస్తుంది. పైన 100 అని ఉంటుంది. వంద మంది వెతికారని కాదు, వంద శాతమనీ కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ఎంచుకున్న ప్రాంతంలో, మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా ఏ రోజున అత్యధికంగా ఉందో ఆ రోజుకు 100 ఇస్తారు. మిగతావన్నీ దానితో పోల్చి వేసినవి. అది కూడా మొత్తం వెతుకులాటల నుంచి తీసిన శాంపిల్‌తోనే. అందుకే ఇవాళ దించుకున్న అంకెలు వారం తర్వాత మళ్లీ దించితే కాస్త అటూ ఇటూ అవుతాయి. కంగారు పడకండి, నాలుగు రోజులు దించి సగటు తీసుకోండి.

వాటా అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఊళ్లో వారం సంతకు వంద మంది వచ్చారు, ఇరవై మంది చింతపండు బేరమాడారు. పదేళ్ల తర్వాత అదే సంతకు వెయ్యి మంది వచ్చారు, యాభై మంది చింతపండు బేరమాడారు. చింతపండు అమ్మే ఆమె సంతోషంగా ఇంటికి వెళ్తుంది. ట్రెండ్స్ మాత్రం 'చింతపండు మీద ఆసక్తి నాలుగో వంతుకు పడిపోయింది' అని చూపిస్తుంది. ఇరవై శాతం ఐదు శాతమైంది కదా మరి. 2004లో ఇంటర్నెట్ ముందు కూర్చున్నవాళ్లలో యూనివర్సిటీ వాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువ. అందుకే 'ఫిజిక్స్', 'సైన్స్' లాంటి మాటల గీతలు ఆనాటి నుంచి కిందికి జారుతూ కనిపిస్తాయి. చదువు మీద జనానికి విరక్తి పుట్టిందని ఎవరైనా వ్యాసం రాస్తే నమ్మకండి. సంత పెద్దదైంది, అంతే.

మన దేశంలో ఆ సంత ఒక్కసారిగా పెద్దదైన రోజు కూడా చెప్పొచ్చు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. దానికి పదిహేడు రోజుల ముందు, ఆగస్టు 19న, రియోలో పీవీ సింధు రజతం గెలిచింది. మీలో చాలామందికి అప్పుడు పదేళ్లు కూడా ఉండి ఉండవు. ఆ వారం పతకం వార్త పక్కనే ఇంకో వార్త వచ్చింది. జనం గూగుల్‌లో సింధు కులం ఏమిటని వెతుకుతున్నారు, మన రెండు రాష్ట్రాలూ అందులో ముందున్నాయి అని. 2021లో టోక్యోలో కాంస్యం గెలిచినప్పుడూ అదే వార్త మళ్లీ వచ్చింది.

సిగ్గుపడాల్సిన సంగతే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ గ్రాఫ్‌ను గ్రాఫ్‌లాగే చూద్దాం. ఎంతమంది వెతికారో అది చెప్పదు, వాటా మాత్రమే చెబుతుంది. 2016 ఆగస్టులో డేటా ఖరీదు, కాబట్టి వెతికినవాళ్లు మొత్తం జనం కారు, రీఛార్జ్ చేయించుకోగలిగినవాళ్లు. ఇంకోటి, మీరు పేరు కొట్టగానే కింద గూగుల్ కొన్ని మాటలు అందిస్తుంది. అందులో 'కులం' అని కనబడితే, ఆ ఆలోచన లేనివాడి వేలు కూడా దానిమీద పడుతుంది. ఆ తర్వాత 'అయ్యో, జనం ఇదా వెతుకుతున్నారు' అని వార్త చదివి, నిజమో కాదో చూద్దామని వెతికినవాళ్లు. నేనూ వెతికాను! ఆ గీతలో నా వేలిముద్ర కూడా ఉంది. కులాభిమానం, కుతూహలం, కోపం, అన్నీ ఒకే గీతలో కలిసిపోయాయి. విడదీసే దారం ఆ డేటాలో లేదు. విడదీయాలంటే లేచి వెళ్లి మనుషుల్ని అడగాలి.

ఇక భాష సంగతి. మనం తెలుగులో ఆలోచిస్తాం, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. బతుకమ్మను తీసుకోండి. టీ తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, తెలుగు లిపిలో కొట్టేవాళ్లున్నారు, ఈమధ్య మైక్ నొక్కి నోటితో చెప్పేవాళ్లున్నారు. నాలుగు పాయలు. ఒక్క పాయను కొలిచి నది ఎండిపోయిందంటే ఎలా? ట్రెండ్స్‌లో మాటకు బదులు 'టాపిక్' ఎంచుకుంటే వీటిలో చాలావరకు కలిపి ఇస్తుంది గానీ, ఏం కలిపిందో ఏం వదిలేసిందో మనకు చెప్పదు. అందుకే నేను రెండూ గీసి పక్కపక్కన పెట్టుకుంటాను. 'దసరా' అని గీసి చూడండి. ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో లేవాల్సిన గీత 2023లో మార్చి చివర్లో కూడా లేస్తుంది. ఎండాకాలంలో దసరా ఏంటి అనుకోకండి, నాని సినిమా ఆ పేరుతో మార్చి 30న విడుదలైంది. ఇది మనకు తెలుసు కాబట్టి సరిపోయింది. బెంగళూరులో కూర్చుని మన రాష్ట్రాల మీద రిపోర్టు రాసే కుర్రాడికి ఎవరు చెబుతారు?

పాత తెలుగు వెబ్ మీద పనిచేద్దామనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా కనబడేలా చేసే యూనికోడ్ అనే అక్షర సంకేతాల పద్ధతి స్థిరపడకముందు మన పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు తయారు చేసుకున్నాయి. ఆ ఫాంటు ఉంటే ముత్యాల్లాంటి తెలుగు, లేకపోతే ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కలగాపులగంగా కనబడేవి. 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కు ఒక పొడిగింపు ఉండేది, ఈ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. దాని పుణ్యమా అని అప్పట్లో ఎందరో పేపరు చదివారు. కానీ సెర్చ్ ఇంజన్ ఆ పేజీలను తెలుగుగా గుర్తించలేదు. కాబట్టి తెలుగు లిపిలో వెతికి '2005లో తెలుగువాళ్లు దీని గురించి పట్టించుకోలేదు' అని తేల్చేయకండి. పట్టించుకున్నారు, రాసుకున్నారు. అది ఇప్పుడు వెతికితే దొరికే రూపంలో లేదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన డేటా దగ్గరికి వస్తాను. వికీపీడియాలో ప్రతి వ్యాసాన్ని రోజుకు ఎన్నిసార్లు తెరిచారో ఎవరైనా చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. ఇప్పటి పద్ధతిలో లెక్కలు 2015 జులై నుంచి ఉన్నాయి. ఇవి వాటాలు కావు, అసలు అంకెలు. 37 అంటే ముప్పై ఏడే. ఆ నిజాయితీకి నేను పడిపోయాను.

ఇందులోనూ గుంటలు లేకపోలేదు. చంద్రయాన్-2 గుర్తుందా? శ్రీహరికోట నుంచి వెళ్లిన విక్రమ్ ల్యాండర్ 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున, రెండు గంటలవుతుందనగా, చంద్రుడి దగ్గర మూగబోయింది. దేశమంతా మేలుకుని ఉంది. ఇప్పుడు వీక్షణల పట్టిక తెరిస్తే ఆ అర్ధరాత్రి ఆత్రమంతా సెప్టెంబరు 6 ఖాతాలో పడి ఉంటుంది. వికీపీడియా రోజు మారేది గ్రీనిచ్ లెక్కన, అంటే మనకు పొద్దున్న ఐదున్నరకు. పాలవాడు వచ్చేదాకా వాళ్లకు నిన్నే. ఇది తెలియకపోతే ఘటన కంటే ముందే జనం ఆసక్తి పెరిగిందని, ఎవరికో ముందే తెలుసని కథలు అల్లొచ్చు. అల్లేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు.

దారిమార్పుల సంగతీ చూసుకోవాలి. ఒకే వ్యాసానికి రెండు స్పెల్లింగులుంటే, పాత పేరుతో వచ్చినవాళ్ల లెక్క పాత పేరు కిందే పడుతుంది. రెండూ కూడాలి. తెలుగు లాంటి చిన్న వికీలో ఇంకో తంటా ఉంది. ఓసారి ఒక వర్క్‌షాప్‌లో నలభై మంది పిల్లల చేత ఒకే వ్యాసం తెరిపించాను. రోజుకు ఇద్దరో ముగ్గురో చూసే పేజీ అది. వారం తర్వాత గ్రాఫ్ తీస్తే మధ్యలో కొండ! మా కొండే. వచ్చే ఏడాది ఎవరైనా పరిశోధక విద్యార్థి దాని ముందు కూర్చుని 'ఆ మంగళవారం ఏం జరిగి ఉంటుంది' అని జుట్టు పీక్కుంటాడేమో. మనుషులతో పాటు బాట్లు, అంటే తమంతట తామే నడిచే ప్రోగ్రాములు కూడా పేజీలు తెరుస్తాయి కాబట్టి 'యూజర్' అనే వడపోత పెట్టుకోవడం మరిచిపోవద్దు. అది పెట్టినా కొన్ని జారిపోతూనే ఉంటాయి.

ఈ రంగంలో నాకంటే చాలా పెద్దవాళ్లు కూడా పరువు పోగొట్టుకున్నారు. ఆ కథ క్లుప్తంగా చెబుతాను. 2008లో గూగుల్ అమెరికాలో 'ఫ్లూ ట్రెండ్స్' మొదలుపెట్టింది. జ్వరం, దగ్గు గురించి జనం వెతికేదాన్ని బట్టి ఫ్లూ ఎంత ఉందో, ప్రభుత్వ లెక్కలు రావడానికి వారం పది రోజుల ముందే చెబుతామన్నారు. ఐదు కోట్ల వెతుకుమాటలు జల్లెడ పట్టి 45 ఏరారు. 2009లో 'నేచర్' పత్రికలో వ్యాసం వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. అదే ఏడాది వసంతంలో స్వైన్‌ఫ్లూ వస్తే పట్టుకోలేకపోయింది. 2012–13 చలికాలంలో అసలు ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు ఫ్లూ చూపించింది. టీవీల్లో ఫ్లూ ఫ్లూ అని మోగుతుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లూ భయంతో వెతికారు. దానికి తోడు గూగులే తన పెట్టెలో సూచించే మాటలు మారుస్తూ పోయింది. అంటే థర్మామీటర్ తనే కాస్త జ్వరం పుట్టించింది. 2015లో అంచనాలు ప్రకటించడం ఆపేశారు. దీనికి పూర్తి ఎదురు పని మన దేశంలో 2020లో జరిగింది. కోవిడ్19ఇండియా వెబ్‌సైట్ నడిపిన వాలంటీర్లు వెతుకులాటల జోలికి పోలేదు. రాష్ట్రాల బులెటిన్లు రోజూ చదివి, అంకెలు చేత్తో ఎక్కించి, అందరికీ తెరిచి పెట్టారు. 2021 అక్టోబరు 31న ఆపేదాకా పత్రికలూ పరిశోధకులూ దాన్నే వాడారు. విసుగు పుట్టించే పనే, కానీ నిలబడింది.

ఇంకొక్కటి చెప్పి ల్యాబ్‌లోకి తీసుకెళ్తాను. తెరిచి ఉంది కదా అని అన్నీ తీసుకోవద్దు. 2006 ఆగస్టులో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ పరిశోధకుల కోసమని ఆరున్నర లక్షల మంది మూడు నెలల వెతుకులాటలను బయటపెట్టింది. రెండు కోట్ల వరసలు. పేర్లు తీసేసి నంబర్లు పెట్టారు, ఇంకేం భయం అనుకున్నారు. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనకున్న పెద్దావిడను కనుక్కుని ఇంటికి వెళ్లారు. మనం రోజూ వెతికే మాటలు గుర్తు చేసుకోండి. మన ఊరి పేరు, మన ఇంటిపేరు, మన రోగం, మనవాళ్ల పేర్లు. నాలుగు కలిపితే చిరునామా రాసిచ్చినట్టే. అందుకే మీ ప్రాజెక్టుల్లో మొత్తాలు వాడండి, మనిషిని పట్టిచ్చే వరస ఒక్కటి కూడా దించుకోవద్దు.

'సోషల్ మీడియా మీద చేయొచ్చా సార్' అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. పదేళ్ల క్రితమైతే భేషుగ్గా చేయమనేవాడిని. పరిశోధకులు డేటా తీసుకునే ఉచిత తలుపును ట్విట్టర్ 2023లో మూసేసింది. ఫేస్‌బుక్ పోస్టులు చూడటానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో ఆపేసింది. ఇక మిగిలింది వికీపీడియా, ట్రెండ్స్, వెబ్ పేజీల నకళ్లను పోగుచేసి అందరికీ తెరిచి పెట్టే కామన్ క్రాల్, ప్రభుత్వ పోర్టళ్లు. చాలు, ఒక సెమిస్టర్‌కు ఇవే ఎక్కువ.

ల్యాబ్‌లో చేయాల్సింది ఇది. మీ ఊరికో, మీ మండలానికో తెలుగు వికీపీడియాలో వ్యాసం ఉందేమో చూడండి, దాదాపు ఉంటుంది. గత రెండేళ్ల వీక్షణలు గీయండి. ఎక్కడ లేచిందో ఆ తేదీ కాగితం మీద రాసుకుని, ఇంటికి ఫోన్ చేసి అమ్మనో తాతనో అడగండి, ఆ రోజుల్లో ఊళ్లో ఏం జరిగిందని. జాతర అంటారో, ఎలక్షన్ అంటారో, 'ఏం లేదురా, అన్నం తిన్నావా' అంటారో చూద్దాం. ఆఖరి జవాబు వచ్చినవాళ్లు ముందు నా దగ్గరికి రండి, ఆ కొండ ఎవరు కట్టారో కలిసి వెతుకుదాం.