లాగిన్‌లో మీ పాస్‌వర్డ్‌ని ఎవరూ "డీక్రిప్ట్" చేయరు!

ఇవాళ ఒక్క విషయం తేల్చేద్దాం. "సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, మనం లాగిన్ అయ్యేటప్పుడు దాన్ని డీక్రిప్ట్ చేసి పోల్చి చూస్తుంది." (ఎన్‌క్రిప్ట్ అంటే ఒక రహస్య కీతో తాళం వేయడం, డీక్రిప్ట్ అంటే కీతో మళ్లీ తెరవడం.) ఇంటర్వ్యూల్లో ఇదే సమాధానం, కోచింగ్ నోట్సులో ఇదే, మన కామెంట్లలోనూ ఇదే. ఒట్టి మాటల పొరపాటైతే వదిలేసేవాణ్ని. కానీ ఇది నమ్మి సొంతంగా లాగిన్ కోడ్ రాసేవాళ్లు ఉన్నారు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తారు, ఆ కీని అదే సర్వర్‌లో పెడతారు. ఫైలు ఎత్తుకెళ్లినవాడు కీ ఒక్కటీ వదిలేసి వెళ్తాడా?

లినక్స్ తీసుకుందాం, కోడ్ అంతా బయటే ఉంది కాబట్టి.

టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర రోట్లో వేసి నూరారు. పచ్చడి అయింది. ఇప్పుడు అందులోంచి టమాటాని టమాటాగా బయటికి తీయమంటే బ్రహ్మ తరం కూడా కాదు. కానీ అవే సరుకులు, అదే రోలు, అన్నే పోట్లు అయితే మళ్లీ అదే పచ్చడి వస్తుందనుకోండి. (మా అమ్మ ఒప్పుకోదు. ఈ వీడియో అయ్యేదాకా మీరు ఒప్పుకోండి.) సిస్టమ్ దగ్గర ఉండేది పచ్చడి మాత్రమే, దాన్నే హాష్ అంటారు. మీరు పాస్‌వర్డ్ టైప్ చేయగానే దాన్ని అప్పటికప్పుడు నూరి, రెండు పచ్చళ్లూ ఒకటేనా అని చూస్తుంది. అంతే!

[స్క్రీన్ మీద: షాడో ఫైల్‌లో ఒక లైను, రెండో ఫీల్డ్ పసుపు రంగులో]

ఇదిగో, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే షాడో ఫైల్. లినక్స్ ఈ పచ్చళ్లు దాచేది ఇందులోనే. యూజర్ పేరు, కోలన్, ఆ తర్వాత డాలర్, వై, డాలర్, జె 9 టి, డాలర్, కొన్ని అక్షరాలు, మళ్లీ డాలర్, చివర పొడుగాటి తోక. మొదటి డాలర్ పక్కనున్న "వై" ఏ రోలు, అంటే నూరే పద్ధతి ఏది వాడామో చెబుతుంది. వై అంటే యెస్‌క్రిప్ట్. అక్కడ 6 ఉంటే ఎస్‌హెచ్‌ఏ 512. "జె 9 టి" అంటే ఎంత గట్టిగా నూరాలో. దాని తర్వాతది సాల్ట్, అంటే నూరేటప్పుడు పాస్‌వర్డ్‌తో కలిపే ర్యాండమ్ అక్షరాలు, మన ఉప్పు. చివరి తోక పచ్చడి.

సాల్ట్ ఒక్కో యూజర్‌కి ఒక్కోటి. ఇద్దరూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఉప్పు వేరు కాబట్టి పచ్చడి వేరుగా వస్తుంది. అంటే దొంగ లక్ష పాస్‌వర్డ్‌లు ముందే నూరి సీసాల్లో పెట్టుకుని వచ్చినా ఇక్కడ పనికిరావు. అసలు సాల్ట్ రహస్యమే కాదు, పచ్చడి పక్కనే రాసిపెట్టి ఉంటుంది.

ఇప్పుడు కోడ్. క్రిప్ట్ అనే ఫంక్షన్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు. మొదటిది మీరు ఇప్పుడు టైప్ చేసింది. రెండోది కీ అనుకుంటారు చాలామంది. కాదు, షాడోలో పాత హాష్ ఉన్న ఆ ఫీల్డ్ మొత్తాన్నీ ఇచ్చేస్తారు. రోలు, పోట్లు, ఉప్పు అన్నీ అందులోనే ఉన్నాయి కదా! వచ్చిన ఫలితం పాత హాష్‌తో సరిపోతే లోపలికి, లేకపోతే బయటికి. డీక్రిప్ట్ అనే అడుగు ఎక్కడైనా కనబడిందా?

మరి ఆ "ఎన్‌క్రిప్ట్" అనే మాట ఎక్కడ్నుంచి వచ్చింది? 1979లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ లినక్స్‌కి మాతృక లాంటి యూనిక్స్ సిస్టమ్ పాస్‌వర్డ్‌ల మీద ఒక పేపర్ వేశారు. అందులో డీఈఎస్ వాడారు. అది నిజంగా ఎన్‌క్రిప్షన్ పద్ధతే. కానీ వాళ్లు పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయలేదు. పాస్‌వర్డ్‌నే కీగా పెట్టి, అన్నీ సున్నాలున్న ఒక బ్లాక్‌ని 25 సార్లు ఎన్‌క్రిప్ట్ చేశారు. కష్టపడి దాన్ని డీక్రిప్ట్ చేసినా మీకు దొరికేది సున్నాలు! షాడో మాన్యువల్ పేజీలో ఇప్పటికీ "ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్" అనే రాసి ఉంటుంది, అది వేరే గొడవ.

ఆ పాత రోలుకి రెండు లోపాలు. మొదటి 8 అక్షరాలే చూస్తుంది, సాల్ట్‌లు మొత్తం 4096 రకాలే. 2019లో ఏమైందంటే, పాత బీఎస్‌డీ యూనిక్స్ పాస్‌వర్డ్ ఫైల్ ఒకటి బయట ఉంటే, అందులో థాంప్సన్ గారి పాస్‌వర్డ్ బయటపడింది. సరిగ్గా 8 అక్షరాలు, చెస్ ఆటలో రాణి ముందున్న బంటుని రెండు గళ్లు జరిపే ఎత్తు! ఒక గ్రాఫిక్స్ కార్డుకి నాలుగు రోజులకు పైగా పట్టింది. అప్పుడు కూడా ఎవరూ పచ్చడిని టమాటా చేయలేదు. కోట్ల కోట్ల కాంబినేషన్లు వరసగా నూరుతూ పోయారు, ఒకటి కలిసింది.

గ్రాఫిక్స్ కార్డంటే వేల మిక్సీలు ఒకేసారి తిప్పడం. దానికి జవాబే యెస్‌క్రిప్ట్. ప్రతి నూరుడికీ ఓ పెద్ద రోలు కావాలంటుంది, అంటే బోలెడు మెమరీ. మిక్సీలు వేలున్నా, అన్ని రోళ్లు ఎక్కడ పెడతారు? డెబియన్ 11 నుంచి ఇదే డిఫాల్ట్. ఒక చిన్న చిక్కు ఉంది. పాత మెషీన్‌ని అప్‌గ్రేడ్ చేస్తే పాత యూజర్ల హాష్ మారదు, 6 అలాగే ఉంటుంది. కొత్త రోట్లో నూరాలంటే టమాటా కావాలి, అది సిస్టమ్ దగ్గర లేదు. మీరు పాస్‌వర్డ్ మార్చుకున్నప్పుడే అది మారుతుంది. అడ్మిన్ కూడా అంతే, కొత్తది పెట్టగలడు కానీ పాతది చెప్పలేడు. "పాస్‌వర్డ్ మర్చిపోయా" అంటే మీ పాత పాస్‌వర్డ్‌నే మెయిల్ చేసే వెబ్‌సైట్ ఎక్కడైనా తగిలితే వెంటనే అకౌంట్ తీసేయండి, మొహమాటం వద్దు.

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతాది గబగబా.

లేని యూజర్ పేరు కొడితే వెంటనే "తప్పు" అనకూడదు. ఉత్తుత్తిగా అయినా నూరాలి, అదీ అదే రోట్లో. దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 2016లో ఇక్కడే దొరికిపోయింది. లేని యూజర్లకి బ్లోఫిష్ అనే వేరే రోట్లో నూరేది, ఉన్నవాళ్లకి ఎస్‌హెచ్‌ఏ. చాలా పొడుగు పాస్‌వర్డ్ పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఆ పేరు ఉందో లేదో తెలిసిపోయేది.

ఈ నూరుడంతా లాగిన్ ప్రోగ్రామ్ సొంతంగా చేయదు, పామ్‌కి అప్పజెబుతుంది. పామ్ అంటే లాగిన్ తనిఖీలన్నీ చూసుకునే లైబ్రరీ. దీన్ని 1995లో సన్ కంపెనీ ప్రతిపాదించింది. వేలిముద్ర కావాలన్నా, ఓటీపీ కావాలన్నా పామ్‌లో మాడ్యూల్ మార్చుకుంటే చాలు, లాగిన్ కోడ్ ముట్టుకోనక్కర్లేదు. తప్పు కొట్టినప్పుడు సుమారు రెండు సెకన్లు ఆగుతుంది చూడండి, అదీ పామ్ పనే.

పాస్‌వర్డ్ సరిపోయింది, ఇక లాగిన్ ప్రోగ్రామ్ తన రూట్ హక్కులు, అంటే అడ్మిన్ హక్కులు వదిలేయాలి. ముందు గ్రూపులు మార్చండి, చివర్లో సెట్‌యూఐడీ, అంటే రూట్ నుంచి మామూలు యూజర్‌గా మార్చే ఫంక్షన్. తిప్పి రాశారంటే గ్రూపులు మార్చే హక్కు అప్పటికే పోయి ఉంటుంది, యూజర్ రూట్ గ్రూపులతోనే తిరుగుతాడు. సెట్‌యూఐడీ ఇచ్చే రిటర్న్ వాల్యూ తప్పకుండా చూడండి. అది ఫెయిలైనా చూసుకోకుండా ముందుకెళ్లే కోడ్ నేను చాలా చూశాను.

ఆ తర్వాత ఫోర్క్ (తన కాపీ ఒకటి పుట్టించడం), ఎగ్జెక్ (ఆ కాపీలో వేరే ప్రోగ్రామ్ నడపడం), అప్పుడు మీ కమాండ్‌లు తీసుకునే షెల్. లాగిన్ మాత్రం వెళ్లిపోదు, మీరు లాగౌట్ అయ్యాక పామ్ సెషన్ మూయడానికి పేరెంట్‌గా కాచుకుని ఉంటుంది. టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి, ఏ ప్రోగ్రామ్ దేన్ని పుట్టించిందో చూపించే పీఎస్‌ట్రీ కమాండ్ కొట్టండి, బాష్ అనే షెల్‌కి పైన లాగిన్ కనబడుతుంది.