ఎర్రపండు ఏరిందో లేదో మనకు తెలుస్తుందా?

(గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కమిటీ సభ్యులకు, ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన మీ అందరికీ పేరుపేరునా చెప్పాల్సింది చాలా ఉంది. కాస్త ఆగండి, ముందు ఒక పని చేసేయాలి. నీళ్ళు చల్లారిపోతాయి.

ఈ బల్ల మీద రెండు పెద్ద కాఫీ ఫిల్టర్లున్నాయి. ఒక్కోదానిలో 100 గ్రాముల పొడి వేసి, పైన చిల్లుల బిళ్ళ పెట్టాను. బిళ్ళను పొడి మీద ఆనించాను అంతే, అదమలేదు. అదిమితే నీళ్ళు దిగవు. కెటిల్లో నీళ్ళు మరిగాక అర నిమిషం ఆపాను. మొదట పొడి తడిసేంత పోస్తున్నాను... ఇప్పుడు మిగతావి. ఒక్కోదానికి అర లీటరు. మూత పెట్టేశాను. ఇంట్లో ఇద్దరికైతే 25 గ్రాముల పొడికి 125 మిల్లీలీటర్ల నీళ్ళు పోసుకోండి. డికాక్షన్ దిగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కార్యదర్శి గారు నాకిచ్చిన టైము కూడా అంతే.

ఒక ఫిల్టర్ మెడకు ఎర్రదారం కట్టాను, రెండోదానికి తెల్లదారం. దేనిలో ఏ పొడి వేశానో ఇప్పుడు చెప్పను.

ఇంట్లో మంచి కాఫీ ఎలా పెట్టుకోవాలో చెప్పమని పిలిచారు. గింజలు, మర, కాచే పద్ధతి అని మూడు భాగాలుగా కాగితం మీద రాసుకొచ్చాను. ఆ వరసలోనే చెబుదామనుకున్నాను. కానీ నిన్న రాత్రి ఈ ఫిల్టర్లు కడుగుతుంటే పాడేరు మన్యంలో ఒక పెద్దమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

నేను ఆ ప్రాంతంలో కాఫీ తోటల పని మీద చాలా ఏళ్ళు తిరిగాను. అక్కడ కాఫీ నీడలో పెరుగుతుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే కొండ మొత్తం తెల్లగా పూస్తుంది, మల్లెపూల వాసనే వస్తుంది. కోత నవంబరు ప్రాంతంలో మొదలవుతుంది. అసలు కష్టం అక్కడే. పండ్లన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద ఎర్రవి, దోరవి, పచ్చివి పక్కపక్కనే ఉంటాయి. ఎర్రవే ఏరి, పచ్చివి వదిలేసి, రెండు వారాలు పోయాక మళ్ళీ అదే చెట్టు దగ్గరికి రావాలి. అలా మూడు నాలుగు విడతలు. కొమ్మ పట్టుకుని అన్నీ ఒక్కసారే దూసేస్తే గంటలో బుట్ట నిండుతుంది. ఏరితే పూటంతా పడుతుంది.

ఆ పెద్దమ్మ ఏరేది. బొటనవేలు, చూపుడువేలుతో పండును కొంచెం తిప్పి లాగేది. కాడ చెట్టుకే ఉండేది, పక్కనున్న పచ్చికాయ కదిలేది కాదు. ఎర్రవే కోయాలని ఊరూరా చెప్పడం నా పని. ఒకరోజు ఆమె బుట్ట దించి నన్ను అడిగింది. "ఎర్రవే ఏరమంటారు బాబూ. పచ్చివి కలిస్తే తాగినోళ్ళకి తెలుస్తాదా?"

తెలుస్తుందమ్మా, వగరు వస్తుంది అన్నాను. సాయంత్రం గదికి వెళ్ళి కాఫీ పెట్టుకుంటూ, ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పొడి ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూశాను. చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. కాఫీ 53 శాతం, చికోరీ 47 శాతం. ఆమెకు నేను చెప్పిన జవాబు నా నోటికే తెలియదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

చికోరీ అంటే ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. ఒంటికి హాని చేసేది కాదు. కెఫీన్ ఉండదు. చిక్కటి రంగు, కాస్త తీపి కలిసిన చేదు ఇస్తుంది. మన అమ్మలు, అమ్మమ్మలు ఆ రుచికి అలవాటు పడ్డారు, నాకు వాళ్ళ మీద ఏ ఫిర్యాదూ లేదు. చట్టం కూడా కలపొద్దనలేదు. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్టు మీద వేయాలి అంది. నా బాధ ఏమిటంటే, మనం ఆ అంకె చదవం. 47 శాతం వేరు తాగుతూ కాఫీ బాగుందనీ బాగాలేదనీ తీర్పు చెబుతున్నాం. ఈ మధ్యలో ఎర్రపండు ఏరిన మనిషి కష్టం ఎక్కడికి పోయినట్టు?

ముందు వరసలో కూర్చున్న పాపా, ఒకసారి ఇలా రా అమ్మా. ఈ రెండు గ్లాసుల్లో చన్నీళ్ళున్నాయి. ఈ పొడి ఒక చిటికెడు ఇందులో వెయ్యి, కలపకు. ఆ పొడి అందులో. ఏం కనిపిస్తోందో గట్టిగా చెప్పు. అవును, ఇది పైనే తేలుతోంది. అది కిందికి దిగుతూ గోధుమరంగు చారలు వదులుతోంది. ఆ చారలే చికోరీ. నీళ్ళు తగిలీ తగలగానే రంగు వదిలేస్తుంది. కాఫీలో నూనె ఉంటుంది కాబట్టి కాసేపు తేలుతుంది. ఇంటికెళ్ళి మీ డబ్బాలో పొడితో ఈ పని చేయండి. దయచేసి చేయండి.

గింజలు కొనే సంగతికి వస్తాను. పొడి కాకుండా వేయించిన గింజలే కొనండి. ప్యాకెట్టు మీద వేయించిన తేదీ ఉందో లేదో చూడండి. తేదీ లేకపోతే వదిలేయండి. వేయించిన గింజ మొదటి కొద్దిరోజులు గాలి వదులుతుంది, ప్యాకెట్టుకు చిన్న వాల్వు పెట్టేది అందుకే. నాలుగైదు రోజులు ఆగి మొదలుపెట్టి నెల లోపు వాడేస్తే మంచి రుచి దొరుకుతుంది. పొడి చేశాక మాత్రం వాసన గంటల్లోనే తగ్గిపోతుంది. అందుకే గింజలుగానే, పావుకిలో చొప్పున తెచ్చుకోండి, గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు. తీసి పెట్టినప్పుడల్లా చెమ్మ పడుతుంది.

కాఫీలో అరబికా, రొబస్టా అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. అరబికాలో వాసన, పులుపు బాగుంటాయి. రొబస్టాలో చేదు, కెఫీన్ ఎక్కువ, చిక్కదనం ఎక్కువ. పాలతో తాగేవాళ్ళు ముప్పాతిక అరబికా, పాతిక రొబస్టా కలిపి, మధ్యరకం కన్నా కొంచెం ముదురుగా వేయించింది తీసుకోండి. చికోరీ లేని లోటు తెలియదు. పాలు లేకుండా తాగితే మధ్యరకం వేపుడు అరబికా చాలు. మన అరకు గింజ ఈ రెంటికీ పనికొస్తుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఇళ్ళలోకి మాత్రం ఇంకా రావాలి.

మరాడించడం గురించి ఒక్క మాట. మిక్సీ ఉంటే ఆపి ఆపి తిప్పండి, ఒకే బిగిన తిప్పితే పొడి వేడెక్కుతుంది. చేత్తో తిప్పే చిన్న మర కొనుక్కుంటే ఇంకా మేలు, పలుకు సమంగా వస్తుంది. ఫిల్టరుకు సన్నరవ్వ కన్నా కాస్త మెత్తగా ఉండాలి. ఫ్రెంచ్ ప్రెస్‌కు, అంటే పొడిని వేడినీళ్ళలో నానబెట్టి జల్లెడ బిళ్ళతో కిందికి నొక్కే జాడీకి, బొంబాయి రవ్వలా ఉండాలి. అందులో 30 గ్రాములకు 450 మిల్లీలీటర్లు పోసి నాలుగు నిమిషాలు ఆగాలి. డికాక్షన్‌ను పొయ్యి మీద పెట్టొద్దు, పాలే వేడిగా పోయండి. ఇంకా చాలా పద్ధతులున్నాయి, ఎవరికైనా కావాలంటే తర్వాత అడగండి.

పెద్దమ్మ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆమె చేత ఎర్రపండ్లు విడిగా, పచ్చివి ఒక దోసెడు విడిగా కోయించాను. రెండింటినీ విడివిడిగా ఎండబెట్టి, రోట్లో దంచి పొట్టు తీశాం. ఇనుప మూకుడులో నేనే వేయించాను. ఆకుపచ్చగా ఉన్న గింజ మొదట పసుపు తిరిగింది, ఎండుగడ్డి వాసన వేసింది. తర్వాత పేలాలు పేలినట్టు చిటపటలాడి గోధుమరంగుకు వచ్చింది. ఎర్రపండ్ల గింజ సమంగా వేగింది. పచ్చివాటి గింజల్లో కొన్ని ఎంతసేపటికీ పాలిపోయే ఉన్నాయి. రెండు డికాక్షన్లు తీసి, ఫ్లాస్కుల్లో పోసుకుని కొండెక్కాను. చక్కెర, పాలు ఏమీ వేయలేదు. అన్నేళ్ళు కాఫీ పండించిన మనిషి ఇంట్లో తాగేది టీ. మొదటి గ్లాసు తాగి ఊరుకుంది. రెండోది ఒక గుక్క తాగి నాలుకను పళ్ళకేసి రాసుకుంది. "ఇది పట్టేస్తంది బాబూ. ఇదే పచ్చిది" అంది. ఇంకో మాట అనలేదు. మొదటి గ్లాసు మళ్ళీ తీసుకుని పూర్తిగా తాగింది.

ఇదిగో, డికాక్షన్ దిగింది. మూత తీస్తున్నాను, వెనక వరస దాకా వాసన వస్తోందా? పాలు, చక్కెర పక్కనే ఉన్నాయి, ముందు మాత్రం అవి లేకుండా రుచి చూడండి. ఎర్రదారం ఫిల్టరులోంచి ఒక చెంచా, తెల్లదారంలోంచి ఒక చెంచా. ఇందులో ఒకటి ఈ తెల్లవారుజామున నేను మరాడించిన అరకు గింజ, ఎర్రపండే ఏరింది. రెండోది నెల క్రితం తెరిచిన ప్యాకెట్టు పొడి. రండి, వరసగా రండి. పెద్దవాళ్ళను ముందు రానివ్వండి. తాగినవాళ్ళు ఏది ఏదో పక్కవాళ్ళకు చెప్పకుండా, ఇక్కడికొచ్చి నా చెవిలో చెప్పండి.