ఆరు చింతగింజలు

శ్రోతలందరికీ నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ, కాబట్టి ముందు నా తప్పొకటి ఒప్పుకుని, పసిపిల్లల ఊపిరి లెక్క అనే అసలు సంగతికి వస్తాను.

మాది మహారాష్ట్రలోని సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. ఇంట్లో తెలుగు, కాగితాల మీద మరాఠీ, సంతలో ఇక్కడి ఆదివాసుల మాట మాడియా కూడా వినిపిస్తుంది. జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. అందుకే మాలో చాలామంది వంతెన దాటి తెలంగాణ దవాఖానలకే పోతాం. తెలుగువాళ్లకు ఆ దారన్నా ఉంది. మాడియా తల్లికి నదికి ఈ ఒడ్డునా, ఆ ఒడ్డునా తన మాట తెలిసిన డాక్టరు దొరకడం కష్టం.

కొన్నేళ్ల కింద అలాంటి తల్లి ఒకామె నెలల పిల్లను ఎత్తుకుని ఒక దవాఖానలో నా పక్కన కూర్చుంది. వచ్చీరాని తెలుగులో "డొక్కలు ఎగరేస్తోంది" అంది. నేను పెద్ద తెలిసినవాడిలా నర్సుకు మరాఠీలో "దమా" అని చెప్పాను. దమా అంటే ఉబ్బసం. పాత జబ్బే కదా అని వరుసలో ఉండమన్నారు. గంట తర్వాత డాక్టరు చూసి పిల్లను గబగబా లోపలికి తీసుకుపోయాడు. న్యుమోనియా. పిల్ల బతికింది. ఆ గంట మాత్రం నా ఖాతాలోదే.

ఇలాంటప్పుడు మనవాళ్లు "అడవిలో వాళ్లకు తెలియదండీ" అనేస్తారు. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకు నచ్చదో మా జిల్లా కథే చెబుతుంది.

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో గడ్చిరోలిలో 'సెర్చ్' అనే ఆరోగ్య సంస్థ పెట్టారు. అప్పట్లో పసిపిల్లల్ని న్యుమోనియా తీసుకుపోతోంది. దాన్ని పట్టడానికి ఎక్స్‌రే అక్కర్లేదు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. ఊళ్లో పిల్లల దగ్గర ఉండేది మంత్రసాని. ఆమెకు చదువు రాదు, చేతికి గడియారం లేదు, పది పన్నెండు దాటితే లెక్క తప్పుతుంది. ఇంకొకరైతే ఆమెను పక్కన పెట్టేవారు. వీళ్లు పరికరాన్నే మార్చారు. ఒక చిన్న పూసల చట్రం, పక్కన నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. మళ్లీ ఒకటి నుంచి పది, మళ్లీ ఒక పూస. ఆఖరు పూస ఎరుపు. ఇసుక అయిపోకముందే ఎర్రపూస జరిగిందా, అది న్యుమోనియా, వెంటనే మందు. 58 ఊళ్లలో మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు పిల్లల న్యుమోనియాను ఊళ్లోనే గుర్తుపట్టి మందు ఇచ్చారు. ఈ పద్ధతి లేని పక్క ఊళ్లతో పోలిస్తే అక్కడ న్యుమోనియాతో పోయిన పిల్లలు సగంకన్నా తక్కువ. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

మా అమ్మమ్మ కూడా బడికి పోలేదు. పాల లెక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నెలాఖరున పాలవాడు ఒక్క గ్లాసు ఎక్కువ చెప్పలేకపోయేవాడు.

ఆ చట్రం మన ఇంట్లో ఉండదు. చింతగింజలు ఉంటాయి. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. పది ఊపిరులకు ఒక గింజ. ఫోనులో సరిగ్గా ఒక నిమిషం, సగం నిమిషం చూసి రెట్టింపు చేయొద్దు. రెండు నెలల లోపు పిల్లకు ఆరు గింజలు, ఏడాది లోపు పిల్లకు ఐదు, ఐదేళ్ల లోపు పిల్లకు నాలుగు. ఆరు, ఐదు, నాలుగు. అన్ని గింజలు నిండితే ఆగకుండా దవాఖానకు వెళ్లండి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్క కూడా వద్దు, బయల్దేరండి.

అక్కడ జబ్బు పేరు చెప్పకండి, నాలాగా తప్పు పేరు చెప్పి వరుసలో కూర్చుంటారు. అంకె చెప్పండి. మాట రాకపోతే గింజలు బల్ల మీద పెట్టి గడియారం చూపించండి. మరాఠీలో అరవై అంటే సాఠ్, యాభై అంటే పన్నాస్, నలభై అంటే చాళీస్. ఈ మూడు మాటలు గోడ మీద రాసి పెట్టుకోండి. బొగ్గుతోనైనా సరే.