పిన్ని మగ్గం షాపు మ్యాప్‌లో ఎందుకు కనపడలేదు? గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఆరు నెలలు వాడాక

నమస్తే అండీ. ఈసారి ఫోను కాదు, ఇయర్‌బడ్స్ కాదు. మన షాపు వివరాలు గూగుల్‌లో, మ్యాప్‌లో కనపడేలా పెట్టుకునే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌ని ఆరు నెలలు వాడి మీ ముందుకొచ్చాను. పైసా ఖర్చు లేదు. 2014లో ఇది గూగుల్ మై బిజినెస్ అని వచ్చింది, 2021లో పేరు మార్చారు. విడిగా ఉండే యాప్ కూడా తీసేశారు కాబట్టి, పాత వీడియోలు చూసి ప్లేస్టోర్‌లో వెతక్కండి. షాపు జీమెయిల్‌తో లాగినై గూగుల్‌లో మీ షాపు పేరు కొట్టండి, ఎడిట్ చేసే బటన్లన్నీ అక్కడే వస్తాయి.

నేను వాడింది మా పిన్ని షాపు కోసం. గుంటూరు బ్రాడీపేటలో మగ్గం వర్క్ చేస్తుంది, బ్లౌజులు కుడుతుంది. పాత కస్టమర్లకి కొదవ లేదు. కానీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో కొత్తగా దిగినవాళ్లు పక్కింటావిడని అడగట్లేదు, ఫోన్ తీసి "మగ్గం వర్క్ నియర్ మి" అని కొడుతున్నారు. కొడితే పిన్ని షాపు తప్ప అన్నీ వస్తున్నాయి. "ఏరా, వాళ్లేమన్నా గూగుల్ వాడికి చుట్టాలా?" అని నన్ను పట్టుకుంది.

చుట్టరికం కాదు. ఎవరిని పైన చూపించాలో తేల్చడానికి ముఖ్యంగా మూడు చూస్తామని గూగుల్ హెల్ప్ పేజీలోనే రాసుంది. వెతికినదానికి షాపు సరిపోతుందా, వెతికే మనిషికి ఎంత దూరం, నలుగురికీ ఎంత తెలిసిన షాపు. దూరం మన చేతిలో లేదు కదా అనుకుంటాం. మా కేసులో గోల మొత్తం దూరంతోనే!

గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నా. బ్రాడీపేట అడ్రసులు అంకెల్లో ఉంటాయి. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. పిన్ని షాపు అదే. మా తమ్ముడు ఎప్పుడో ప్రొఫైల్ పెట్టినప్పుడు అడ్రస్ సరిగ్గానే రాశాడు, మ్యాప్‌లో షాపు చోటు చూపించే గుర్తు, అదే పిన్, మాత్రం 4/7 దగ్గర వదిలేశాడు. ఇన్నాళ్లూ డైరెక్షన్స్ పెట్టుకుని వచ్చినవాళ్లు ఏడో అడ్డరోడ్డులో నిలబడి "ఇక్కడ మెడికల్ షాపుందండీ" అని ఫోన్ చేసేవాళ్లట. ఫోన్ చేసినవాళ్లు నయం. చేయకుండా వెళ్లిపోయినవాళ్లెందరో!

కాబట్టి ముందు మీ షాపు గుమ్మం ముందు నిలబడి మ్యాప్ తెరవండి. మీరున్న చోటు చూపించే నీలం చుక్క, షాపు పిన్ ఒకదాని మీద ఒకటి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ముందు అది సరిచేయండి, మిగతావన్నీ తర్వాత.

ఇక కేటగిరీ. మా తమ్ముడు "బట్టల షాపు" అని పెట్టాడు. పిన్ని ఒక్క చీర కూడా అమ్మదు! మెయిన్ కేటగిరీ ఎంబ్రాయిడరీ సర్వీస్ అని మార్చి, టైలర్‌ని అదనంగా చేర్చాను. అదనపువి తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు, అలాగని సంబంధం లేనివి కుక్కకండి.

అడ్రస్ ముట్టుకున్నాక వెరిఫికేషన్‌కి వీడియో తీయమంది. మధ్యలో ఆపకుండా, ఎడిటింగ్ లేకుండా ఒకే షాట్‌లో తీయాలి. వీధి, పక్క షాపులు, మన బోర్డు, లోపల మగ్గం, ఆ షాపు మనదే అనడానికి గుర్తుగా షట్టర్ తాళం తీయడం. పిన్ని పట్టుచీర కట్టుకొచ్చింది. మనుషుల మొహాలు చూపించక్కర్లేదు పిన్నీ అంటే, "మరి ముందే చెప్పవేం" అని ఒకటి వేసింది.

నాకు బాగా నచ్చిన భాగం ఫోటోలు. ఇదిగో, స్క్రీన్ మీద రెండు పక్కపక్కన పెట్టాను. ఒకే బ్లౌజు, రాణీ పింక్ మీద జర్దోసీ నెమలి. ఎడమది ట్యూబ్‌లైట్ కింద తీసింది, జరీ తెల్లగా సున్నం కొట్టినట్టుంది. కుడిది పొద్దున గుమ్మం దగ్గర ఎండ వాలులో తీసింది. నెమలి మెడ దగ్గర కుందన్ రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోన్ చూపించి "ఈ నెమలే కావాలి" అంటున్నారు.

రివ్యూల దగ్గర కొంచెం జాగ్రత్త. పిన్ని ప్లాన్ ఏంటంటే, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అందరం తలో అయిదు స్టార్లు కొట్టాలి. రివ్యూ పెడితే ఫాల్, పీకో ఫ్రీ అని బోర్డు కూడా రాయించబోయింది. రెండూ గూగుల్ రూల్స్‌కి విరుద్ధమే. ప్రొఫైల్‌లోనే రివ్యూ అడిగే లింకు, క్యూఆర్ కోడ్ వస్తాయి. కోడ్ ప్రింట్ తీసి బిల్లు బుక్కు పక్కన అంటించాం. బ్లౌజు వేసుకుని చూసుకుని అద్దం ముందు నవ్విన మనిషిని అడిగితే కాదనరు. "డెలివరీ మూడు రోజులు లేటు" అని ఒకావిడ రెండు స్టార్లు ఇచ్చింది. పిన్ని బీపీ పెరిగింది కానీ, లేటు మాట నిజమేగా. సారీ చెప్పి, పెళ్లిళ్ల సీజన్‌లో ఎన్ని రోజులు పడుతుందో రాశాం. ఆ జవాబు తర్వాత చదివేవాళ్ల కోసం.

ఇంకోటి. "నెలకి ఇంత ఇవ్వండి, గుంటూరులో నంబర్ వన్‌లో కూర్చోబెడతాం" అని ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. పేరు చెప్పను. షాపు పేరు చివర "బెస్ట్ మగ్గం వర్క్ ఇన్ గుంటూరు" అని తగిలించమన్నారు. బోర్డు మీద లేని మాటలు పేరులో పెడితే ప్రొఫైల్ సస్పెండ్ అవ్వొచ్చు. లోకల్ ర్యాంకు డబ్బుతో కొనుక్కునే దారి లేదని గూగుల్ స్వయంగా రాసింది. యాడ్స్ వేరు, అవి యాడ్ అని రాసే కనపడతాయి.

ఇక లోటుపాట్లు. మీ టైమింగ్స్, ఫోన్ నంబరు మార్చమని దారినపోయే ఎవరైనా సజెస్ట్ చేయొచ్చు. షాపు మూసేశారని కూడా పెట్టొచ్చు. అందుకే వారానికోసారి తెరిచి చూడాల్సిందే. ఇదివరకు ప్రొఫైల్‌లోనే కస్టమర్‌తో చాట్ చేసే వీలుండేది, 2024లో తీసేశారు.

దూరం సంగతి కూడా ముందే తెలుసుకోండి. బ్రాడీపేటని ఆనుకునే ఉన్న శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి వెతికితే పిన్ని షాపు ఇప్పుడు పైనే వస్తోంది. గుంటూరులోనే ఇంకో పేట కొరిటెపాడు వెళ్లి అదే మాట కొట్టి చూశాను, చాలా కిందికి దిగితే గానీ కనపడలేదు. ఊరంతా మీరే రావాలంటే కుదరదు. మగ్గం షాపుకి అది పెద్ద లోటు కాదు. ఊళ్లు తిరిగి పని చేసే ఫోటోగ్రాఫర్లు మాత్రం దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

నా మార్కులు పదికి ఎనిమిది. పిన్ని అయితే పదికి పది అంటోంది, ఎందుకంటే "ఇక్కడ మెడికల్ షాపుందండీ" అనే ఫోన్లు ఆగిపోయాయి. శ్రావణ మాసానికి ఆదివారం కూడా తెరుస్తానంటోంది. స్పెషల్ అవర్స్‌లో ఆ టైమింగ్స్ పెట్టే పని మళ్లీ మా తమ్ముడికే ఇచ్చాం. ఈసారి పక్కనే కూర్చుని చూస్తున్నాను.