నేలమాళిగలో ప్రాక్టీసు: రెవరెండ్ జేమ్స్ లాసన్ పరిచర్య
(ఒంగోలులో ఒక యువజన కూడికలో చేసిన ప్రసంగం)

సంఘ పెద్దలకు, అమ్మలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వందనాలు.

బాప్టిస్టుల ఊళ్ళో మెథడిస్టు పాస్టరు గురించి మాట్లాడమన్నారు. పర్లేదు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఊరు ఇది. కూలి డబ్బుల గురించి పట్టించుకునే పాస్టరు మనకు కొత్త కాదు.

జేమ్స్ లాసన్ 1928లో అమెరికాలో పుట్టిన నల్లజాతి మనిషి. తండ్రి కూడా పాస్టరే. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరనని జైలుకెళ్ళారు. బయటికొచ్చాక మిషనరీగా నాగపూర్ హిస్లాప్ కాలేజీకి వచ్చి, గాంధీ సత్యాగ్రహాన్ని చదువుకున్నారు. మనకు నేర్పడానికి వచ్చిన మిషనరీల కథలు సండేస్కూల్లో బోలెడు విన్నాను. మన దగ్గర నేర్చుకుని వెళ్ళిన ఈయన సంగతి ఒక్కరూ చెప్పలేదు.

తిరిగి అమెరికా వెళ్ళాక నాష్‌విల్ నగరంలో ఒక మెథడిస్టు చర్చి నేలమాళిగలో విద్యార్థులను కూర్చోబెట్టారు. కొందరు తెల్లవాళ్ళ వేషం వేసి బూతులు తిట్టాలి, తొయ్యాలి, కుర్చీలోంచి లాగెయ్యాలి. మిగతావాళ్ళు చెయ్యి ఎత్తకుండా, లేచి పారిపోకుండా తట్టుకోవాలి. అలా సాధన చేశాకే, 1960 ఫిబ్రవరిలో, నల్లవాళ్ళకు వడ్డించని హోటల్ బల్లల దగ్గరికెళ్ళి కూర్చున్నారు. నిజంగానే కొట్టారు, అరెస్టు చేశారు. లాసన్‌ను ఆయన చదువుతున్న యూనివర్సిటీ నుంచి బహిష్కరించారు. మే నెలకల్లా ఆ బల్లల మీద అందరికీ వడ్డించడం మొదలైంది.

మనం క్రిస్మస్ పాటలకు నెల ముందు నుంచే ప్రాక్టీసు పెడతాం. ఊళ్ళో మనవాణ్ణి అవమానిస్తే పదిమందీ కలిసి ఏం చెయ్యాలో ఎప్పుడైనా ప్రాక్టీసు చేశామా? 1985లో ఆరుగురు దళితుల్ని చంపిన కారంచేడు ఇక్కడికి ఎంతో దూరం కాదు.

తర్వాత లాసన్ అదే రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో పాస్టరయ్యారు. 1968 ఫిబ్రవరి 1న అక్కడ ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు వానకు చెత్త లారీలో తలదాచుకుంటే, యంత్రం వాళ్ళను నలిపేసింది. దాదాపు 1,300 మంది పని ఆపేసి, 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని నడిచారు. సమ్మె వ్యూహ కమిటీకి లాసనే ఛైర్మన్. మార్టిన్ లూథర్ కింగ్‌ను రమ్మని పిలిచిందీ ఆయనే. ఏప్రిల్ 4న కింగ్‌ను అక్కడే కాల్చి చంపారు. అయినా సమ్మె ఆగలేదు. ఏప్రిల్ 16న యూనియన్‌ను గుర్తించారు, జీతాలు పెంచారు.

ఆ తర్వాత లాస్ ఏంజిలిస్‌లో 25 ఏళ్ళు ఒకే సంఘానికి పాస్టరు. ఆదివారం ప్రసంగం ఆపలేదు, హోటల్ కార్మికుల పక్కన నిలబడడమూ ఆపలేదు. 2024 జూన్‌లో, 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన సంఘంలోనూ తెల్లవారక ముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే అమ్మలున్నారు. జీతం ఆగినవాళ్ళు కూడిక అయ్యాక కాసేపు ఉండండి. ముందు అర్జీ రాద్దాం. ఆ తర్వాత, ఆఫీసులో కసురుకుంటే ఎలా నిలబడాలో ప్రాక్టీసు చేద్దాం. ఆఫీసరు వేషం నేను వేస్తాను. కసరడం నాకు బాగానే వచ్చని మా ఇంట్లో అంటుంటారు.