రేడియేటర్ మార్చినా వేడెక్కే పాత మారుతి 800: అసలు లోపాన్ని పట్టుకోవడం ఎలా

నమస్కారం. ఇప్పుడు తెరపై మీరు చూస్తున్నది కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800. దీనికి రేడియేటర్, వాటర్ పంపు రెండూ కొత్తవే, కూలెంట్ కూడా ఈ మధ్యనే నింపారు. అయినా హైవే ఎక్కిన కొద్దిసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. ఇన్ని సామాన్లు మారినా జబ్బు తగ్గలేదంటే, కొత్త సామాను నాసిరకమని తేల్చేసే ముందు, వాటిని పరీక్షించి మార్చారా, అనుమానం మీద మార్చారా అని అడగాలి. ఈ బండి విషయంలో అంతా అనుమానం మీదే జరిగింది.

బండి హీటవుతోందని చెప్పేవారిని మొదట అడగవలసిన ప్రశ్న, ఎప్పుడు హీటవుతోందని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు పైకి లేచి, బండి కదిలి గాలి తగలగానే దిగిపోతే, లోపం చాలావరకు గాలి వైపే ఉంటుంది: ఫ్యాన్ మోటారో, దాని స్విచ్చో, రిలేయో పనిచేయకపోవచ్చు; ఎవరో వైర్లు తారుమారుగా కలపడం వల్ల ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ ఉండవచ్చు; ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దుమ్మూ పురుగులూ అట్టకట్టి ఉండవచ్చు. అలా కాకుండా ఊళ్లో నిక్షేపంగా తిరిగి, వేగం మీద మాత్రమే వేడెక్కితే ఫ్యాన్‌ను అనుమానించి లాభం లేదు, ఎందుకంటే గంటకు 70 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌కు సరిపోతుంది. అప్పుడు చూడవలసింది నీటి ప్రవాహాన్ని, ఇంజన్ పుట్టిస్తున్న వేడిని. మన బండి ఈ రెండో రకానికి చెందుతుంది.

ముల్లు చూపేది నిజమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. పాత బండ్లలో ఎర్త్ సరిగా లేకపోయినా, సెన్సర్ పాడైనా గేజ్ తప్పు చూపుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచే వాల్వ్) హౌసింగ్‌కు గురిపెట్టి చూస్తే ఇక్కడ వేడి నిజమేనని తేలింది. తర్వాత రేడియేటర్ మూత. దీన్ని చిన్న వస్తువని చాలామంది పట్టించుకోరు, కానీ 0.9 బార్ ఒత్తిడిని నిలిపే మూత ఉన్నంతవరకు మామూలు నీరు కూడా సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు; మూత స్ప్రింగ్ బలహీనపడి ఒత్తిడి జారిపోతే అదే నీరు 100 డిగ్రీలకే మరిగి బయటకు తన్నుతుంది. ఈ బండి మూత బాగానే ఉంది. కింది హోసును కూడా పరీక్షించాం: లోపలి తీగచుట్ట తుప్పుపట్టిన పాత హోసులు, ఇంజన్ రేస్ చేసినప్పుడు పంపు లాగే లాగుడుకు చప్పిడిగా నొక్కుకుపోయి నీటి దారిని మూసేస్తాయి. ఇది అలా నొక్కుకుపోలేదు. డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడినా, కార్బురేటర్ పెట్రోలు తక్కువగా ఇచ్చినా ఇంజన్ వేడెక్కుతుంది కనుక ఆ రెండూ చూశాం, తేడా కనబడలేదు.

థర్మోస్టాట్ హౌసింగ్ విప్పి చూస్తే లోపల వాల్వ్ లేదు. మన ఎండలకు వాల్వ్ దేనికని తీసి పక్కన పడేసే అలవాటు మన షెడ్లలో ఎంత పాతుకుపోయిందంటే, వాల్వ్ ఉన్న పాత బండి కనబడితేనే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. నిజానికి ఆ వాల్వ్ సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, వేడి పెరిగాక పూర్తిగా తెరుచుకుంటుంది, కనుక బయట ఎంత ఎండ ఉన్నా సరిగా ఉన్న వాల్వ్ నీటికి అడ్డుపడదు. దాన్ని తీసేస్తే ఇంజన్ చల్లగా నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆవిరై పోక మడ్డి చేరుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, వాల్వ్ లేని ఇంజన్ ఊళ్లో చల్లగా ఉండి, లోపల ముదురుతున్న అసలు లోపాన్ని హైవే ఎక్కేదాకా బయటపడనివ్వదు. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే.

ఆ అసలు లోపం హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ దాని మీది సిలిండర్ హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే పలక. గ్యాస్కెట్ పోతే తెల్లపొగ రావాలి, ఆయిల్ పాలలా మారాలి అనుకుంటారు కాబట్టి, ఆ రెండూ లేవని దీన్ని ఎవరూ అనుమానించలేదు. చీలిక సన్నగా ఉన్నప్పుడు నీరు సిలిండర్‌లోకి దిగదు. సిలిండర్‌లోని మండిన గ్యాసే ఒత్తిడితో నీటి దారిలోకి చొరబడుతుంది. ఇంజన్ మీద భారం పెరిగే కొద్దీ గ్యాస్ ఎక్కువై, నీటిని రిజర్వాయర్‌లోకి నెడుతుంది, హెడ్ దగ్గర గాలి నిలిచిపోతుంది. దీని ఆనవాలు ఉదయం చల్లని ఇంజన్ మీద దొరుకుతుంది: స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాల్లో, నీరు ఇంకా వెచ్చబడకముందే, పై హోసు చేతికి గట్టిగా తగిలితే ఆ ఒత్తిడి వేడివల్ల వచ్చింది కాదు. నిర్ధారణకు రేడియేటర్ మూతి మీద నీలిరంగు ద్రవం ఉన్న గొట్టం అమర్చి ఇంజన్ నడపాలి. పైకి వచ్చే గాలిలో మండిన గ్యాస్ ఉంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ ద్రవం పసుపురంగుకు తిరుగుతుంది. తెరపై చూడండి, తిరిగింది.

హెడ్ దించాక కొత్త గ్యాస్కెట్ వేసి బిగించేస్తే సరిపోదు. అల్యూమినియం హెడ్ అతివేడికి వంగుతుంది కనుక స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద) పెట్టి, ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకుల కొలమానంతో) సందు కొలవాలి. ఇలాంటి చిన్న ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్లు దాటితే హెడ్‌ను ఫేసింగ్‌కు, అంటే అడుగు ముఖాన్ని సమంగా చెక్కించడానికి, పంపవలసిందే. బోల్టులను మధ్య నుంచి బయటికి, కంపెనీ చెప్పిన క్రమంలో, టార్క్ రెంచ్‌తో విడతలుగా బిగించాలి. థర్మోస్టాట్ వాల్వ్ కొత్తది వేయాలి; వేసే ముందు వేడినీటిలో వేలాడదీసి తెరుచుకుంటోందో లేదో చూడడం మంచిది.

నింపేటప్పుడు బోరునీరు వాడకండి. అందులోని సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొరలుగా పేరుకుంటుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగంసగం కలిపి, బండి ముందుభాగం కాస్త ఎత్తులో నిలిపి, హీటర్ ఉంటే దాన్ని వేడి వైపు తెరిచి, మూత తీసి ఉంచి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మెల్లగా నింపండి. తర్వాత స్టార్ట్ చేసి బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి, మట్టం తగ్గితే నింపి, నీరు మరిగే స్థితికి రాకముందే మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక ఇంజన్ ఆపి, మరునాడు ఉదయం మళ్లీ రేడియేటర్‌లోను, రిజర్వాయర్‌లోను మట్టం చూడండి.