ట్రైలర్‌లో కనిపించే ప్రతిదానికీ అర్థం ఉందా?

అందరికీ నమస్కారం.

2016 జూన్‌లో ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శనలో ‘డెత్ స్ట్రాండింగ్’ అనే ఆట తొలి ట్రైలర్ చూపించారు. సముద్రతీరం, చచ్చిపడిన పీతలు, ఒంటిమీద నూలుపోగు లేని మనిషి, అతని ఒక చేతికి సంకెల, పక్కనే బొడ్డుతాడుతో పసిబిడ్డ. బిడ్డ మాయమవుతుంది, ఇసుకలో చేతి ముద్రలు పడుతూ పోతాయి. దూరంగా గాల్లో ఐదు ఆకారాలు. ఆట ఎలా ఆడాలో మాత్రం ఒక్క ముక్క లేదు.

అభిమానులు ఊరుకుంటారా? ఫ్రేము ఫ్రేముగా ఆపి చూశారు. అతని మెడలోని బిళ్ళల మీద చెక్కిన భౌతికశాస్త్ర సమీకరణాలను కూడా పోల్చుకున్నారు. ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్థం, డిరాక్ సమీకరణం అంటూ పేజీలకు పేజీలు రాశారు.

2019 నవంబరులో ఆట వచ్చింది. ఆ తీరం బతుక్కీ చావుకీ మధ్య ఉన్న చోటు. చనిపోయినవాళ్ళు బొడ్డుతాళ్ళతోనే గాల్లో వేలాడతారు. చేతి ముద్రలు పడుతున్నాయంటే వాళ్ళు దగ్గరికొస్తున్నట్టు. సంకెల కాస్తా మనుషుల్ని కలిపే పరికరం అయింది. సమీకరణాలు సాధించాల్సిన పని మాత్రం ఆటగాడికి ఎక్కడా పడదు. పాపం, అందరికంటే ఎక్కువ కష్టపడింది వాటి మీదే.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ ఆట దర్శకుడు హిడియో కొజిమా తన సొంత స్టూడియో పెట్టింది 2015 డిసెంబరులో. ఆర్నెల్లకే ఈ ట్రైలర్. అప్పటికి ఆట పూర్తిగా తయారై ఉండే అవకాశమే లేదు. కాబట్టి ఈ గుర్తుల్ని ఆటలోంచి ఏరి తెచ్చారని నేను అనుకోను. ఆటే వాటి చుట్టూ పెరిగిందని నా అనుమానం. అందుకే మళ్ళీ మళ్ళీ కనిపించే తాడు నిలిచింది, ఆపి చదవాల్సిన అక్షరాలు పక్కకి పోయాయి.

సినిమా షూటింగ్‌లో కెమెరా ముందుకి ఒక కాకి అనుకోకుండా రావచ్చు. ఆటలో కాకి కావాలంటే ఎవరో కూర్చుని దాన్ని తయారుచేయాలి. అలాగని ప్రతి కాకికీ అర్థం ఉందనుకోవడం పొరపాటు. గోడ బోసిగా ఉందని పెట్టిన పోస్టరు కూడా ఉంటుంది.

పొడుపుకథల్ని ప్రతీకలతో కలిపేయకూడదు. 2012 డిసెంబరులో ‘ది ఫాంటమ్ పెయిన్’ అనే ఆట ట్రైలర్ వచ్చింది. చేసింది మోబీ డిక్ స్టూడియో, అధిపతి జోకిమ్ మోగ్రెన్ అన్నారు. జోకిమ్ అన్న పేరులోని ఇంగ్లిష్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే కొజిమా! ఆట పేరు డిజైన్‌లో వదిలిన ఖాళీల్లో, కొజిమా ఆటల వరసలోని ‘మెటల్ గేర్ సాలిడ్ 5’ అక్షరాలు సరిగ్గా ఇమిడాయి. 2013 మార్చిలో ఆ సంగతి అధికారికంగా ఒప్పుకున్నారు. దీనికి విడుపు ఒక్కటే, దొరికితే అయిపోయింది. బొడ్డుతాడు అలా కాదు, ఆట ముగిశాక కూడా దాని గురించి వాదించుకోవచ్చు.

ఇక అసలు చిక్కు. నిప్పు లేనిదే పొగ రాదంటాం. ట్రైలర్‌లో పొగని విడిగా తయారుచేస్తారు. ‘మెటల్ గేర్ సాలిడ్ 2’ ట్రైలర్లలో అంతా స్నేక్ అనే పాత్రే. 2001లో ఆట కొన్నవాళ్ళు ఎక్కువసేపు ఆడింది మాత్రం రైడెన్ అనే కొత్త కుర్రాడిగా! ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ అనే ఇంకో ఆట ఆడనివాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. 2019 సెప్టెంబరు ట్రైలర్‌లో వెనకనుంచి వచ్చి కథానాయిక ఎలీ నోరు మూసేది, ఆమెకి తండ్రిలాంటి జోయెల్. ఆటలో అదే చోట ఉండేది ఆమె స్నేహితుడు జెస్సీ. జోయెల్ బతికే ఉంటాడన్న నమ్మకం కలిగించడానికే ఆ సీను మార్చారు.

అందుకే నేను తొలి ట్రైలర్‌ని ఒకలా, విడుదలకి దగ్గరపడ్డాక వచ్చేవాటిని ఇంకోలా చూస్తాను. తొలిదాంట్లో రంగులు, వస్తువులు, మళ్ళీ మళ్ళీ వచ్చే ఆకారాలు నోట్ చేసుకుంటాను. తర్వాతవాటిలో ఎవరు ఎవరితో ఏమన్నారన్నది అసలు నమ్మను. అప్పటికి కథ సిద్ధమై ఉంటుంది, దాచాల్సిన అవసరమూ ఉంటుంది. ఇప్పుడు తెర మీద ఆ రెండు రకాలూ పక్కపక్కనే వేస్తాను, మీరే చూడండి.